గొంతు దిగే ముద్ద

గోర్డన్ మెనూ కార్డు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పెళ్ళయినప్పట్నించీ ఈ బల్లల దగ్గర కూర్చుంటున్న మనిషికి ఆ కార్డులో చదవడానికేముంటుంది, పెద్ద హ్యాడాక్ చేప, చిన్న హ్యాడాక్, చిప్సు, బఠాణీ ముద్ద, బ్రెడ్డూ వెన్నా, టీ, అంతేగా. గోడల రంగు మారింది, కుర్చీలు మారాయి, కార్డుకి కొత్త అట్ట వేశారు, లోపల మాత్రం అక్షరం మారలేదు. కార్డు అంత ఎత్తున పట్టుకున్నాడంటే నా మొహం చూడక్కర్లేదని. సముద్రం చూసొద్దాం పద అని కారెక్కించాను, అబద్ధం చెప్పలేదు, సముద్రం ఇక్కణ్ణించి కనబడుతూనే ఉంది, కనబడుతూనే అంటే ఎక్కడో ఓ గీతలాగ. మా క్లీథోర్ప్స్ సముద్రం అంతే, వెనక్కి తగ్గిందంటే ఇక ఈ ఊరితో పని లేనట్టు వెళ్ళిపోతుంది, కిటికీ అవతలంతా తడి బురద, ఆ బురదలో కుక్కని తిప్పుతున్న ఎవరో ఒక్క మనిషి. నేను ఈ తలుపు తోసేసరికి "ఇక్కడికెందుకు బెరిల్, ఇప్పుడెందుకు" అన్నాడు. జవాబు చెప్పలేదు. ఈ మధ్య జవాబు చెప్పకపోవడం నాకు బాగా కలిసొస్తోంది, పాపం మాట్లాడ్డం కష్టం కదా అని అందరూ వదిలేస్తారు, కష్టమైనవన్నీ చెప్పకుండానే చేసెయ్యొచ్చు.

ఈ వాసన. కొవ్వులో వేగుతున్న పిండి వాసన, దాని కింద చేప, దాని మీద వెనిగర్, అన్నీ కలిసి తలుపు దగ్గరే మీదపడ్డాయి. ముక్కుని డాక్టర్లు ముట్టుకోలేదు, అదొక్కటి నాకు పాతదే మిగిలింది. క్యాన్సరని నాలుక ఎడమ సగం కోసేసి నా ఎడమ మణికట్టు దగ్గరి కండ తీసి అక్కడ కుట్టారు, మణికట్టులో పడిన గుంట మీద తొడ మీది చర్మం తెచ్చి అతికించారు, నన్ను నాతోనే మాసికలేశారన్నమాట. కత్తి తర్వాత కిరణాలు, ఆ కిరణాలతో నోట్లో తడి ఎండిపోయింది, నీళ్ళసీసా లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్ళలేను. పొట్టలోకి గొట్టం పెట్టారు, పడుకున్నాక సంచిలోంచి పాల రంగుదేదో అందులోంచి దిగుతుంది, దానికి రుచి ఉండదు, వాసన ఉండదు, ఆకలి తీరుతుంది గానీ తిన్నట్టుండదు. బతికున్నావు కదా అంటారు అందరూ. ఉన్నాను, కాదన్నానా.

వడ్డించే ఆవిడ వచ్చింది. నా వయసుకి పదేళ్ళు తక్కువుంటుందేమో, గట్టి చేతులు, రొమ్ము మీద పౌలా అని పేరుబిళ్ళ పెట్టుకుంది, నేను ఎరగని మనిషి, కిందటేడు చేరి ఉంటుంది. నా మెడ మీది గీత చూసింది, నా పెదవి వాలు చూసింది, గోర్డన్ వైపు తిరిగి "ఆవిడకేం తెమ్మంటారు" అంది. గోర్డన్ నోరు తెరిచాడు. బల్ల కింద అతని మోకాలు నొక్కిపట్టాను. ఇంట్లో వాకిట్లో ఆస్పత్రిలో అన్నిచోట్లా అతనే నాకు దుబాసీ, నేను రెండు మాటలంటే తను నాలుగు చేసి చెబుతాడు, మర్యాద కలిపి చెబుతాడు, నేను పెట్టని నమస్కారాలు కూడా పెడతాడు. ఇవాళ వద్దు. "పెద్ద హ్యాడాక్ ఒకటి, చిన్నదొకటి, బఠాణీ ముద్ద రెండు, ఇద్దరికీ టీ" అన్నాను. నా చెవికి సరిగానే ఉంది. బయటికి మాత్రం హ్యాడాక్ అయ్యాక్ అయిపోయి వచ్చిందని పౌలా కనుబొమ్మలు చెప్పాయి.

"ఏమనుకోకండమ్మా, మళ్ళీ ఒకసారి చెప్పండి. ఆ వేపుడు చప్పుడులో నాకేం వినబడి చావదు."

వేపుడు చప్పుడేం లేదు, మంచి మనిషి. మళ్ళీ చెప్పాను. ఈసారి పట్టుకుంది. "పెద్దదొకటి, చిన్నదొకటి. చిన్నది మీకా?"

"నాకే."

"నయం. పెద్దదైతే ప్లేటు చాలక తోక బల్ల మీద పెట్టుకుంటుంది."

"నాకేం వద్దు," అన్నాడు గోర్డన్ కార్డు వెనకనుంచి. "టీ చాలు."

"పెద్దది అతనికి," అన్నాను. పౌలా ఒకసారి అతన్ని, ఒకసారి నన్ను చూసి, నేను చెప్పిందే రాసుకుని వెళ్ళిపోయింది.

ఒకప్పుడు నా గొంతుకి బస్సు బస్సంతా లేచి నిలబడేది. డాక్ నుంచి ఈ సముద్రపు ఒడ్డు దాకా నడిచే బస్సుకి కండక్టర్ని, పెళ్ళి కాకముందు, మోకాలి పైకి నీలం స్కర్టు, మెడలో టికెట్ల యంత్రం. అప్పుడెక్కాడు ఈ గోర్డన్, ట్రాలర్ పడవల నుంచి చేపల పెట్టెలు దింపే పనివాడు, తెల్లారుజాము నుంచి మోసీ మోసీ కళ్ళు వాచిపోయి, కాగితం పొట్లం విప్పి బస్సులోనే చేపా చిప్సూ తింటూ కూర్చున్నాడు. బస్సులో తినకూడదు అన్నాను. తినడం లేదు, చల్లారబెడుతున్నాను అన్నాడు. దిగు అన్నాను. పొట్లం నాకేసి చాపి ఒకటి తీసుకుని చూడు, తర్వాత దింపెయ్ అన్నాడు. తీసుకున్నాను, వెనిగర్ కాగితం దాటి చేతికి కారేటంత పోశాడు, అంత పులుపెవడు తింటాడు, అయినా దింపేశాను, వాన పడుతుంటే దింపేశాను. మర్నాడు అదే బస్సెక్కి రెండు పొట్లాలు తెచ్చాడు. ఆ మనిషి తినడం చూస్తే ఎవరికైనా ఆకలేసేది. బుగ్గలు నింపుకుని, కళ్ళు సగం మూసుకుని, నములుతూనే కబుర్లు చెప్పి, చప్పుడు, ఎంత చప్పుడు చేసేవాడో, ముప్పై ఏళ్ళు తిట్టాను మూతి మూసుకుని తినమని.

ఇప్పుడేమో బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. ఆకలి లేదంటాడు, వాళ్ళక్క మార్జొరీ దగ్గర తిన్నానంటాడు, నమ్మాను నేను, నాకు నా పొట్టా గొట్టమే లోకం అయిపోయి నమ్మేశాను. మొన్న వారం వాన పడుతుంటే కత్తెర కోసం పెరట్లో షెడ్డుకి వెళ్ళాను, గులాబీకొమ్మ విరిగి వేలాడుతోంది, దాన్ని కోసేద్దామని. తలుపు వారగా తెరిచి ఉంది. లోపల గోర్డన్ నిలబడి ఉన్నాడు, నాకు వీపు పెట్టి, గోడకి ఎదురుగా, మాంసం కూరిన చల్లటి రొట్టె ఒకటి పట్టుకుని గబగబా కుక్కుకుంటున్నాడు. నమలడం కూడా లేదు. చప్పుడు లేదు. దొంగతిండి తినే పిల్లాడిలాగ భుజాలు ముడుచుకుని, అంత పెద్ద మనిషి, చేపల పెట్టెలు మోసిన మనిషి. వాన చప్పుడుకి నేను వినబడలేదు. వెనక్కి వచ్చేశాను, గులాబీకొమ్మ చేత్తో తుంచేశాను, ముళ్ళు గుచ్చుకున్నాయి, ఆ నిమిషానే అనుకున్నాను, ఈ మనిషిని కూర్చోబెట్టి తినిపిస్తాను, నా ఎదురుగా, బల్ల మీద, ప్లేటులో. అందుకు నేను కూడా తినాల్సొస్తే తింటాను.

తినొచ్చన్నారు కూడాను. మింగడం నేర్పడానికో మనిషుంటుందని మీలో ఎవరికైనా తెలుసా, నాకు తెలియదు, ఆస్పత్రిలో రూత్ అని ఒకమ్మాయి, ఆమె ఉద్యోగమే అది. గడ్డం దించండి, ఊపిరి బిగబట్టండి, మింగండి, వెంటనే దగ్గండి, మళ్ళీ మింగండి. ఇన్నేళ్ళూ ఆలోచన లేకుండా చేసిన పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి చేతికిచ్చింది. వసంతంలో జావ తాగబోతే అది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది, న్యుమోనియా, మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ మాస్కు. అప్పుడు డాక్టరు చాలామంది గొట్టంతోనే జీవితాంతం హాయిగా ఉంటారండీ అంటే, నేను తలూపక ముందే గోర్డన్ అదే మంచిది డాక్టర్, అలాగే కానిద్దాం అన్నాడు. తర్వాత నేను నెలల తరబడి రూత్ దగ్గర కూర్చున్నాను. సుద్దలాంటి నీళ్ళు తాగించి లోపల ఎలా దిగుతోందో ఎక్సరేలో చూశారు, తడిగా మెత్తగా ఉన్నవి తినొచ్చు, నెమ్మదిగా, నిటారుగా కూర్చుని, పక్కన ఒక మనిషి ఉండగా అని రూత్ చెప్పింది. గోర్డన్ పక్కనే ఉండి విన్నాడు. అతని చెవికి నెమ్మదిగా అన్న ఒక్క మాటే ఎక్కింది. నెమ్మదిగానే కానిద్దాం బెరిల్, తొందరేముంది అన్నాడు. బెల్టులో బెజ్జాలు పెరుగుతున్నాయి, తొందర లేదంటాడు.

వచ్చాయి ప్లేట్లు. పెద్దది నిజంగానే రెండువైపులా ప్లేటు దాటింది, బంగారు రంగు పెంకు, లోపలి ఆవిరి ఇంకా బుడగలు కడుతోంది. నాది చిన్నది. పౌలా బఠాణీ ముద్ద నా వైపు జరిపి "వేడి వేడిగా ఉంది, చూసి" అని మాత్రం అంది. గోర్డన్ కప్పులో టీ కలుపుతున్నాడు, చక్కెర వెయ్యనే లేదు, అయినా కలుపుతున్నాడు. ఫోర్కుతో పెంకు పగలగొట్టాను, అది నాకు పనికిరాదు, ఎండినోట్లో గాజుపెంకులా గుచ్చుకుంటుంది, పక్కకి తోశాను. లోపల తెల్లటి కండ, రేకులు రేకులుగా విడిపోతుంది, అందులోంచి పాలలాగ తడి ఊరుతుంది. నడుము భాగం, బాగా మందంగా ఉన్నచోట. తోక వైపు సన్నగా ఎండినట్టుంటుంది, తోక మా అమ్మకి.

శుక్రవారాలు నాన్న ఒక్క చేప తెచ్చేవాడు మా నలుగురికీ, కాగితం బల్ల మీదే పరిచి కత్తితో కోసేవాడు, మందం ముక్క నాన్నకి, తర్వాతిది తమ్ముడికి, నాకు, అమ్మ తోక తీసుకునేది, నాకు తోకే ఇష్టం, కరకరలాడుతుంది అనేది. నమ్మాం. ఇష్టమేమో అని ఒకోసారి నా ముక్కకున్న అంచు కూడా విరిచి ఆవిడకిచ్చేదాన్ని, గొప్ప ఉపకారం చేసినట్టు. బస్సు మీద మొదటి జీతం రాగానే అమ్మని ఇక్కడికే తీసుకొచ్చాను, ఇదే గదికి, ఒక్కో చేప ఒక్కో ప్లేటులో. అమ్మ కోటు విప్పలేదు. నడుము నుంచి మొదలుపెట్టింది, నెమ్మదిగా, ఒక్కో రేకూ విప్పుకుంటూ తింది. చివరికి ప్లేటు అంచున తోక మిగిల్చింది. నేను చూశాను, నేను చూడ్డం ఆవిడ చూసింది, ఫోర్కు దించి చేతిగుడ్డతో మూతి తుడుచుకుని టీ బాగుందే అంది. మా ఇళ్ళల్లో ప్రేమంటే ఇంతే కాబోలు, ఎదుటివాళ్ళకి తెలియకుండా ఆకలితో ఉండడం. నాకొద్దు ఆ ప్రేమ. నేను దాన్ని ఒప్పుకోను, అమ్మ దగ్గర ఒప్పుకున్నాను తెలియక, గోర్డన్ దగ్గర ఒప్పుకోను.

ఒక్క రేకు. బఠాణీల రసంలో ముంచి, గోరంత, నాలుక కుడివైపు పెట్టాను, ఎడమవైపు నా మణికట్టుంది కదా, దానికేం తెలుసు పాపం, దానికి వేడి తెలియదు, ఉప్పు తెలియదు. కుడిపక్క తెలిసింది. చేప. అవును, చేపే. తియ్యగా, సముద్రంలాగ కాదు, పాలలాగ. గడ్డం దించాను, ఊపిరి బిగబట్టాను, మింగాను, దగ్గాను, మళ్ళీ మింగాను. నీళ్ళు. దిగింది. గోర్డన్ చెంచా ఆగిపోయింది, నేను చేపని చూసినంత జాగ్రత్తగా నన్ను చూస్తున్నాడు. దిగింది, అన్నాను. తల ఊపాడు. ఇంకో రేకు, ఇది కాస్త పెద్దదే తీసుకున్నాను, గర్వం వచ్చేసింది, దానికి పెంకు పలుకొకటి అంటుకుని ఉందని చూసుకోలేదు.

గుచ్చుకుంది. గడ్డం దించేలోపే జారింది, ఎటు వెళ్ళాలో తెలియని చోట ఆగింది, గాలి రావడం లేదు, కాదు వస్తోంది, సన్నగా, ఈలలాగ, దగ్గు, రూత్ గొంతు దగ్గండి దగ్గండి అంటోంది, దగ్గుతున్నాను, కళ్ళమ్మట నీళ్ళు, గది గదంతా ఫోర్కులు ఆగిపోయిన నిశ్శబ్దం, ఒక కుర్చీ పడిన చప్పుడు, అది గోర్డన్ కుర్చీ, అతని చెయ్యి నా వీపు మీద. ఇంకొక్క దగ్గు. వచ్చేసింది. చేతిగుడ్డలో ఆవగింజంత పెంకు, ఇంత దానికా. తలెత్తితే పౌలా నాకూ గదికీ మధ్య అడ్డంగా నిలబడి ఉంది, శుభ్రంగా ఉన్న పక్క బల్లని మళ్ళీ తుడుస్తోంది, వెడల్పాటి నడుము, ఆవిడ అవతలివాళ్ళెవరూ నాకు కనబడలేదు, నేనూ వాళ్ళకి కనబడి ఉండను. నీళ్ళగ్లాసు నా చేతి దగ్గరికొచ్చింది. "నెమ్మదిగా కానివ్వండమ్మా, మేం ఇప్పట్లో మూసెయ్యం," అని వెళ్ళిపోయింది.

"పద ఇంటికి," అన్నాడు గోర్డన్. కోటు తీసుకున్నాడు.

"కూర్చో."

"చాల్లే బెరిల్. ప్రయత్నించావు, ఒకటి దిగింది, చాలు ఇవాళ్టికి. ఇంకోసారొద్దాం."

"కూర్చో గోర్డన్. జనం నన్ను కాదు, నిన్ను చూస్తున్నారు."

కుర్చీ లేవనెత్తి కూర్చున్నాడు. కోటు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. అతని ప్లేటులో చేప ముట్టకుండా అలాగే ఉంది, ఆవిరి తగ్గింది. నాకు ఊపిరి కుదురుకునేదాకా ఆగాను. ఎన్ని మాటలు చెప్పాలనుకున్నాను, వారం రోజులుగా మనసులో పేర్చుకున్నాను, నోటికొచ్చింది మాత్రం ఇది.

"షెడ్డులో కనీసం కుర్చీ కూడా లేదు."

"ఏ షెడ్డు?"

"మనకెన్ని షెడ్లున్నాయి?"

ఉప్పు డబ్బా తీసుకుని తిప్పాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మెడ ఎర్రబడింది. "ఎప్పుడు చూశావు?"

"వాన రోజు. గోడకి ఎదురుగా నిలబడి తింటున్నావు."

"నీకు వాసన తగలకూడదని," అన్నాడు ఆ డబ్బానే చూస్తూ. "నువ్వు ఆ సంచీ కింద పడుకునుంటే నేనవతల బేకన్ వేయించుకుని తినాలా? నీ ఎదురుగా? నా వల్ల కాదు. గొంతు దిగదు నాకు."

"నా గొంతు దిగకపోతే డాక్టర్లున్నారు. నీది దిగకపోతే నేనేం చెయ్యాలి?"

ఉప్పు డబ్బా మళ్ళీ తిప్పాడు. నేనే మాట్లాడాను, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, ఇల్లంతా ఆస్పత్రి వాసన కొడుతోంది గోర్డన్, నాకు బేకన్ వాసన కావాలి, వంటింట్లో పెనం చప్పుడు కావాలి, నువ్వు నమిలే చప్పుడు కావాలి, నువ్వు తినకపోతే నాకు తినబుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది, నీది చూసే కదా నాకు ఆకలెయ్యడం నేర్చుకున్నాను. సగం మాటలు ముద్దైపోయి వచ్చి ఉంటాయి. అతనికి అన్నీ అర్థమయ్యాయి, అతనికెప్పుడూ అర్థమవుతాయి.

"ఆ జావ నేను కలిపాను," అన్నాడు.

"తెలుసు."

"తెలియదు నీకు. పల్చగా కలపమని కాగితం మీద రాసిచ్చారు. నేనే చిక్కగా కలిపాను. నీకు చిక్కగా ఇష్టమని. ఒక్కసారి నీ ఇష్టంగా తింటావని." ఉప్పు డబ్బా ఆగింది. "నువ్వు నీలంగా అయిపోయావు బెరిల్. నా చేత్తో కలిపాను."

అదన్నమాట. వసంతం నుంచీ ఇది మోసుకు తిరుగుతున్నాడన్నమాట, ఇన్నాళ్ళూ, నాతో ఒక్క ముక్క అనకుండా, నేను నా జ్వరంలో నేనుంటే, షెడ్డులో గోడకి ఎదురుగా నిలబడి తను మింగుతున్నది ఇది. నాకు కోపం రావాలేమో, రాలేదు, ఆ జావ గుర్తొచ్చింది, నిజంగానే చిక్కగా ఉంది, తేనె కూడా వేశాడు, మొదటి చెంచా ఎంత బాగుందో, దాని రుచి ఇప్పటికీ కుడిపక్క ఉంది, అందుకే రెండో చెంచా ఆత్రంగా తీసుకున్నాను.

"బాగుంది ఆ జావ," అన్నాను. "ఆత్రపడి మింగింది నేను. పల్చగా పెట్టి ఉంటే నీ మొహాన పోసేదాన్ని."

నావైపు చూశాడు. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేని మొహం. దగ్గినట్టు ఒక చప్పుడు చేశాడు.

"ఈ చేప నువ్వు వండలేదు," అన్నాను. "నీ పూచీ ఏమీ లేదు. తిను. నేను చూడాలి."

కోటు కుర్చీ వీపుకి తగిలించాడు. ఫోర్కు తీసుకున్నాడు. మొదటి ముక్క మందు మింగినట్టు మింగాడు, నా మొహం మీదే కళ్ళు పెట్టుకుని, నాకేమైనా నొప్పి కలుగుతోందేమో అన్నట్టు. రెండోది అలాగే. మూడో ముక్కకి వెనిగర్ సీసా అందుకున్నాడు, రెండు చుక్కలు వేసి ఆగాడు, ఆగి, సీసా వంచేశాడు, చిప్సు మీద, చేప మీద, బల్ల మీద కూడా పడింది, ఆ ఘాటుకి నా కళ్ళు మండాయి. కరకరమని పెంకు కొరికాడు. ఆ చప్పుడు. మూతి మూసుకో అనాలనిపించింది, అనలేదు. బుగ్గ నిండింది, కళ్ళు సగం మూతపడ్డాయి, బ్రెడ్డు మీద చిప్సు పేర్చుకుని మడిచి కొరికాడు, వెన్న గడ్డం మీదికి కారింది, తుడుచుకోలేదు. ఎంత ఆకలి మీదున్నాడో నా దేవుడా. ఎన్ని నెలల ఆకలో అది.

నేను నా రేకులు నేను విప్పుకుంటున్నాను, ఈసారి ప్రతిదీ వెలుగులో పెట్టి చూసుకుని, బఠాణీల్లో ముంచి. గడ్డం, ఊపిరి, మింగు, దగ్గు. ఒకటి. మళ్ళీ. ప్లేటులో సగం కూడా తినలేను, తెలుసు, గొట్టం ఇంకా చాన్నాళ్ళుంటుంది, అదీ తెలుసు, ఉండనీ, సంచీ తన పని తను చేస్తుంది, నేను నా పని చేస్తాను, వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తాను, ఆ పై శుక్రవారం కూడా. కిటికీ అవతల సముద్రపు గీత కాస్త దగ్గరికి జరిగినట్టుంది.

"రోలండ్ పావురం సంగతి నీకు చెప్పానా?" అన్నాడు గోర్డన్, నోటి నిండా పెట్టుకుని. రోలండ్ మా పక్కింటాయన, పందెం పావురాలు పెంచుతాడు.

"లేదే."

"ఎలా చెబుతాను, మనం మాట్లాడుకుంటే కదా." చిప్సు ఇంకో రెండు పెట్టుకున్నాడు. "ఫ్రాన్స్‌లో వదిలారట, పందెంలో. అందరివీ ఇళ్ళకొచ్చేశాయి. వీడిది వచ్చింది, వచ్చి మన పొగగొట్టం మీద కూర్చుంది. పక్కనే దాని గూడు. దిగదే. గూట్లోకెళితే గానీ గెలిచినట్టు కాదు. పాపం రోలండ్ బనీనుతో వీధిలో నిలబడి, మొక్కజొన్న గింజల డబ్బా గలగలలాడిస్తూ, రా బంగారం, వచ్చెయ్ బంగారం, నిన్నేమీ అననే, అలిగావా అని ఒకటే బతిమాలడం."

"దాని పేరేంటి?"

"అదే కదా. దానికి పెళ్ళాం పేరే పెట్టుకున్నాడు. వెండీ, వెండీ, ఇంటికి రావే వెండీ అని వీధంతా వినబడేలా అరుస్తున్నాడు. ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచారు, ఆవిడెళ్ళిపోయిందేమో అనుకుని. అందులో ఒకావిడ ఏడుపు మొహంతో టీ కూడా పట్టుకొచ్చింది రోలండ్‌కి."

"ఆ వెండీ ఎక్కడుంది?"

"ఏ వెండీ? పెళ్ళామా? మేడ మీద స్నానం చేస్తోంది. తువ్వాలు చుట్టుకుని కిటికీలోంచి తల పెట్టి, నేనింట్లోనే ఉన్నాను కదరా మొద్దూ, ఎందుకలా చస్తున్నావు అంది."

నవ్వొచ్చింది. నా నవ్వు ఇప్పుడు ఒకవైపుకే వస్తుంది, గురకలా ఉంటుంది, రానిచ్చాను. "మరి పావురం?"

"పావురం ఆవిడ గొంతు విని ఎగిరిపోయింది."

ఎటు, అని అడగబోయి, ఫోర్కు కేసి చూశాను. ఖాళీగా ఉంది. ఇందాక దాని మీద ఒక రేకుంది, పెట్టుకున్నాను కూడా, రోలండ్ గింజల డబ్బా మాట వచ్చినప్పుడు నోట్లో పెట్టుకున్నాను. నోట్లో వెతికాను, కుడిపక్క, దవడ కింద, మణికట్టు వెనక. లేదు. గడ్డం దించలేదు, ఊపిరి బిగబట్టలేదు, దగ్గలేదు. ఎప్పుడు దిగిందో నాకు తెలియదు.

గోర్డన్ నమలడం ఆపేశాడు. "ఏంటి? ఏమైంది?"

"ఏం లేదు," అన్నాను. "నువ్వు చెప్పు. ఎటెగిరింది?"